కిటికీలోంచి చెప్పిన ఇంగ్లీషు

తమిళనాడు ధర్మపురిలో ఇంగ్లీషు రాని వాళ్ళందరికీ ఇంగ్లీషు నేర్పే బాధ్యతను దేవుడు నా ఒక్కడి నెత్తిన పెట్టాడని ఎనభైలలో నేను గట్టిగా నమ్మేవాణ్ణి. పెళ్ళి కాలేదు, మీసం బాగా వచ్చింది, నమ్మడానికి అంతకన్నా ఏం కావాలి. నేను పాఠాలు చెప్పే ట్యుటోరియల్ ఒక సైకిల్ షాపు మేడమీద ఉండేది. మేడంటే మేడ కాదు, నాలుగు గోడలూ రేకుల కప్పూ. కింద సైకిళ్ళకు పంక్చర్లు వేస్తుంటే పైన మేం పదో తరగతి తప్పిన పిల్లలకు పంక్చర్లు వేసేవాళ్ళం. ఎండాకాలం ఆ రేకుల కింద కూర్చున్న పిల్లవాడు సాయంత్రానికి బరువులో సగం కరిగిపోయేవాడు. తల్లులు పోల్చుకోలేక ఒకరి పిల్లల్ని ఇంకొకరు ఇంటికి తీసుకొని పోయారని ఊళ్ళో చెప్పుకునేవారు. చెప్పింది నేనే అనుకోండి.

ఇంగ్లీషు పరీక్షలో ఒక ప్రశ్న ఉండేది. చూడటానికి ఒకేలా ఉండే రెండు మాటలు ఇస్తారు. వాటి అర్థాల్లో తేడా తెలిసేలా ఒక్కోదానికి ఒక్కో వాక్యం రాయాలి. ఐదు మార్కులు. ఆ ఐదు మార్కులకు జిల్లా మొత్తానికీ నేనే మొనగాణ్ణి. పాలక్కోడు నుంచి పెన్నాగరం దాకా ఏ పిల్లవాడు ఆ ప్రశ్నకు సరిగ్గా జవాబు రాసినా, వాడెవడో నాకు తెలియకపోయినా, అది నా చలవే అని లెక్కేసుకునేవాణ్ణి.

నా పద్ధతి వేరు. అక్షరాలు బట్టీ పట్టమంటే ఎవడూ పట్టడు. అందుకని ప్రతి మాటనూ ఊళ్ళోకి తీసుకొచ్చి ఎక్కడో ఒకచోట కాపురం పెట్టించేవాణ్ణి. డెయిరీ అంటే తెల్లవారి చెంబులతో నిలబడే పాల సొసైటీ. డైరీ అంటే ఎరువుల కొట్టువాళ్ళు ఏడాది మొదట్లో ఊరికే ఇచ్చేది, అందులో ఎవరూ ఏమీ రాయరు. క్యాటిల్ కారిమంగళం సంతకు నడిచిపోతాయి, కెటిల్ ఆ సంతలో టీ పోస్తుంది. ఏంజెల్‌కు రెక్కలుంటాయి, యాంగిల్ వెల్డింగ్ షాపులో ఉంటుంది, కాలిమీద పడితే ఆ రెక్కలవాళ్ళ దగ్గరికి పంపిస్తుంది. పిల్లలు నవ్వేవాళ్ళు. నవ్విన పిల్లవాడు మరిచిపోడు.

ఇంతటి పండితుడి ఇంట్లో పదో తరగతి ఇంగ్లీషు తప్పిన మనిషి ఒకరుండేవారు. మా వదిన.

ఆ ఏడు శివరాత్రి వెళ్ళిన కొన్నాళ్ళకే మా అన్న చనిపోయాడు. కామెర్లు. ఒక సర్కారు ఆఫీసులో గుమాస్తా. దేన్నైనా పదింతలు చేసి చెప్పడం నా వృత్తి గానీ, మా అన్న విషయంలో మాత్రం ఆ వృత్తి పనిచెయ్యదు. నెమ్మదైన మనిషి. సాయంత్రం వచ్చి చొక్కా విప్పి కొయ్యకు తగిలించి, కాళ్ళు కడుక్కొని, ఇంట్లో అందరూ తిన్నారా అని అడిగేవాడు. అంతే. దానికి నేను ఒక్క అక్షరం కూడా కలపలేను.

వదినది మారండహళ్ళి. పిల్లల్లేరు. పదో తరగతిలో అన్నీ పాసై ఒక్క ఇంగ్లీషు తప్పింది, తప్పిన ఏడే పెళ్ళయింది, ఇంగ్లీషు అక్కడే ఆగిపోయింది. మా వైపు తెలుగువాళ్ళ సంగతి మీకు తెలియకపోవచ్చు. మేం తెలుగులో పుడతాం, తెలుగులో పోట్లాడుకుంటాం, రాయాల్సి వస్తే మాత్రం అరవ అక్షరాలు పట్టుకుంటాం. వదిన ఇంగ్లీషు మాటలకు అర్థాలు తెలుగులో చెప్పుకొని అరవ లిపిలో రాసుకునేది. ఒక్క కాగితం మీద మూడు భాషలు అత్తాకోడళ్ళలాగా సర్దుకొని ఉండేవి.

అన్న పదకొండో రోజు దాటాక ఆఫీసులో పెద్దాయన ఇంటికొచ్చి విషయం చెప్పిపోయాడు. పోయినవాడి భార్యకు ఉద్యోగం ఇస్తారు. పది పాసైతే గుమాస్తా, కాకపోతే ఊడ్చే పని. అక్టోబరులో తప్పినవాళ్ళ పరీక్ష ఉంటుంది, అంతదాకా ఆ కుర్చీని ఎలాగో పట్టి ఉంచగలను, ఆ పరీక్ష దాటితే నా చేతిలో లేదు అన్నాడు. వదిన వెనక గదిలోంచే అంతా విన్నది. పుట్టింటికి పోతే అన్నా వదినల చేతికింద బతకాలి. ఇక్కడుంటే రేపు నాకు పెళ్ళయి వచ్చే పిల్ల చేతికింద బతకాలి. ఆ కుర్చీ ఒక్కటే ఎవరి చేతికిందా లేనిది. ఆ మాట ఆమె అనలేదు. ఇంట్లో అందరికీ తెలుసు.

తెలిసినా ఏం లాభం. ఆమె మూల కూర్చొని ఉంది. మా ఇళ్ళలో మొగుడు పోయిన ఆడమనిషి ఏడాది తిరిగేదాకా వెనక గదిలో ఒక మూల ఉండాలి. ఏడాది నిండాక పుట్టింటివాళ్ళు చీర తెచ్చి, కట్టించి, పిలుచుకొని పోయి ఒక రాత్రి తమ ఇంట్లో పడుకోబెట్టుకుంటారు. అప్పుడే ఆమె గడప దాటడం. మొగవాళ్ళు ఆ గదిలోకి పోకూడదు. ఈ చట్టాలన్నిటికీ మా ఇంట్లో సుప్రీంకోర్టు మా అమ్మ. మా నాయన పోయినప్పుడు ఆ మూలలోనే ఆ ఏడాదంతా తానూ కూర్చున్నది గనక ఆ కోర్టులో అప్పీలు లేదు.

కానీ ఆ గదికి దొడ్డివైపు ఒక కిటికీ ఉంది. ఎంత చిన్నదంటే పిచ్చుక రావాలన్నా రెక్కలు ముడుచుకొని పక్కకు తిరిగి రావాలి. నేను బట్టలుతికే బండమీద కూర్చొని, గైడు తొడమీద పెట్టుకొని, ఆ కిటికీకి ఇంగ్లీషు చెప్పడం మొదలుపెట్టాను. మధ్యాహ్నం పూట, ట్యుటోరియల్ మూసిన తర్వాత. పెళ్ళికాని మరిది, మొగుడు పోయిన వదిన, కాబట్టి మా ఇద్దరికీ మధ్య మా అమ్మ ఒక చేట పెట్టుకొని శెనక్కాయలు ఒలుచుకుంటూ కూర్చునేది. ఆ కొన్ని నెలల్లో ఆమె ఒలిచిన శెనక్కాయలతో జిల్లా మొత్తం నూనె ఆడించవచ్చు.

అమ్మకు ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. అయినా చెవిన పడేది చెవిన పడుతూనే ఉంటుంది గదా. క్వయిట్ అంటే నిశ్శబ్దం, క్వైట్ అంటే బాగా అని నేను ఒకే పాఠాన్ని పదిసార్లు అరిచి చెప్పాక, ఒకనాడు దొడ్లో కాకి గోల చేస్తుంటే అమ్మ చేట ఎత్తి దాన్ని "క్వయిట్" అని గద్దించింది. కాకి ఎగిరిపోయింది. అన్న పోయిన తర్వాత వదిన నవ్వగా విన్నది నేను అదే మొదలు. కిటికీలోంచి నవ్వు ఒకటే వచ్చింది, మనిషి కనబడలేదు. అమ్మ కూడా విన్నది. విని, మళ్ళీ కాయలు ఒలుచుకుంది.

వదిన చురుకైంది. నేను కాపురాలు పెట్టించేదాకా ఆగేది కాదు, తానే పెట్టించేది. లూజ్, లూస్ అన్న జంట వచ్చినప్పుడు, ఒకటి పోగొట్టుకోవడం, ఇంకొకటి వదులు, ఏది ఏదో పిల్లలకు ఎప్పటికీ తెలియదని చెప్పాను. లోపలి నుంచి ఆమె గొంతు వచ్చింది.

"రెండు సున్నలుంటే వదులు అబ్బయ్యా. అందులో ఒక సున్న పోతే పోగొట్టుకునేది."

ఇంత సులువైన ఉపాయం నాకెప్పుడూ తోచలేదు. తర్వాత ఇరవై ఏళ్ళు దాన్ని నా సొంతమని చెప్పుకొని పేరు తెచ్చుకున్నాను. వాక్యం చెప్పమన్నాను. జాకెట్టు వదులైందని ఒక వాక్యం చెప్పింది. రెండోది చెప్పలేదు. నేనూ అడగలేదు. ఆ రెండో వాక్యం మా ఇంట్లో ముగ్గురం కలిసి అప్పటికే రాసి ఉన్నాం.

గైడులో మాటలు అక్షరాల వరుసలో ఉండేవి. మేం అలా అలా చివరికొచ్చాం. వెదర్ అంటే ఆకాశం సంగతి, వెదర్ అంటే అవునా కాదా అని చెప్పి పేజీ తిప్పి, గొంతు సవరించుకొని, వండర్ అంటే ఆశ్చర్యం, వాండర్ అంటే తిరగడం అని మొదలుపెట్టాను. పిక్కిలి నుంచి వచ్చే బస్సు ఊరూరూ తిరగడం వాండర్, అది టైముకు రావడం వండర్ అని నా పాత జోకు కూడా వేశాను. లోపలి నుంచి నవ్వు రాలేదు.

"నడాన ఒకటి ఇడిచిపెట్టినావు అబ్బయ్యా," అంది వదిన.

లేదన్నాను.

"నేను చదివింది గూడా అదే గైడు. వెదర్ అయినాక ఇంకొక జంట ఉండాది."

ఉంది. విడో, విండో. ఒక్క అక్షరం తేడా. ఒకటి మొగుడు పోయిన మనిషి, ఇంకొకటి కిటికీ. ఏ మహానుభావుడు ఆ రెంటినీ పక్కపక్కన కూర్చోబెట్టాడో గానీ, ఆ రోజు నా చేతికి దొరికి ఉంటే వాణ్ణి ఆ బండమీదనే ఉతికి ఆరేసేవాణ్ణి. అది ముఖ్యమైంది కాదు, పరీక్షలో ఎప్పుడూ రాలేదని ఏదో అన్నాను.

"రాదని ఎవురు చెప్పినారు. ఐదు మార్కులు గదా." తానే ఇంగ్లీషులో వాక్యం చెప్పింది. విడో కిటికీ దగ్గర కూర్చొని ఉంది అని. చెప్పి, "విడోకు ముందర ఏమి పెట్టాల? 'ఎ' పెట్టాలా, 'ది' పెట్టాలా?" అనడిగింది.

నన్ను వృత్తి కాపాడింది. ఎవరో తెలియని మనిషైతే 'ఎ', అందరికీ తెలిసిన మనిషైతే 'ది' అని రేకుల కింద పిల్లలకు చెప్పినట్టే చెప్పాను.

"ఐతే 'ది'," అంది వదిన.

అమ్మ చేటలోంచి తల ఎత్తి అదేంది చెప్తుండాదని నన్నడిగింది. కిటికీ గురించి చెప్తుందన్నాను. కిటికీ గురించి చెప్పేదానికి ఇంతసేపా, అని అమ్మ గొణుక్కుంది.

సెప్టెంబరు చివర్లో హాల్ టికెట్టు వచ్చింది. పరీక్ష ఊరి బయటనున్న ఒక పెద్ద బడిలో, ఉదయం పది గంటలకు. అప్పటిదాకా మేమెవ్వరం ఆ మాట పైకి అనలేదు. పాఠం కిటికీలోంచి లోపలికి పోతుంది గానీ, మనిషి కిటికీలోంచి బయటికి రాదు. అమ్మకు ఎలా చెప్పాలా అని ఒక వాక్యాన్ని నాలుగు రకాలుగా సిద్ధం చేసుకొని పోయి, నాలుగూ మరిచిపోయి, నేరుగా అడిగేశాను.

అమ్మ చాలా శాంతంగా విన్నది. "ఆ పేపరేందో ఇంటికి తెమ్మను. కిటికీలోనుంచి ఇయ్యమను. పాఠం అట్లనే గదా చెప్పినావు."

"సర్కారోళ్ళు అట్ల ఇయ్యరు మా."

"మరి ఆ సర్కారోళ్ళే పుట్టింటి చీర గూడా తెస్తారేమో అడుగు." శెనక్కాయ ఒకటి పటుక్కుమనిపించి మళ్ళీ అంది. "దాన్ని ఎవురూ అనర్రా. నన్నంటారు. కొడుకు పోయి ఏడాది నిండలే, కోడల్ని రోడ్డుమీదికి తోలిందంటారు."

చీర ఒకటే అడ్డమైతే చీరనే ముందుగా తెప్పిద్దామని నేను మారండహళ్ళికి బస్సెక్కాను. వదిన అన్న తోటలో టమాటాలు బుట్టలకెత్తిస్తున్నాడు. నన్ను చూసి సంతోషించాడు, మజ్జిగ ఇప్పించాడు, చెల్లెలు ఎలా ఉందని అడిగి కళ్ళు తుడుచుకున్నాడు. చీర మాట ఎత్తగానే బుట్టల వైపు తిరిగాడు. చీర తెచ్చినవాడు చెల్లెల్ని ఇంటికి పిలుచుకొని రావాలి. ఏడాది నిండకుండా పిలుచుకొస్తే ఆ ఇంటికి మంచిది కాదంటారు, ఆయన భార్యకు అప్పుడు ఏడో నెల. ఆయన చెడ్డవాడు కాదు. భయపడ్డాడు. ఆ భయానికి బదులుగా నాకో బుట్ట టమాటాలు ఎత్తించాడు. ఎంత బుట్టంటే కండక్టరు నన్ను వదిలేసి దానికి టికెట్టు కొట్టాడు. మా ఇంట్లో దసరా దాకా చారు, పచ్చడి, కూర అన్నీ టమాటాలే. చీర మాత్రం రాలేదు.

చీర రాలేదని వదినకు ఎవరూ చెప్పలేదు. టమాటాల వాసన చెప్పి ఉంటుంది. మరునాడు కిటికీ దగ్గరికి పోతే, ఈపొద్దు వద్దులే అబ్బయ్యా, తల నొస్తుండాదని అంది.

అమ్మ రెండు రోజులు శెనక్కాయల చేట ముట్టలేదు. మూడోనాడు నేను చెయ్యి కడుక్కుంటుంటే వెనక వచ్చి నిలబడింది.

"తెల్లారకముందే పిలుచుకొని పో. కోడి గూడా లేవకూడదు. చీకట్లో గడప దాటితే దాటినట్టు కాదు. అది ఎవురికీ ఎదురు కాదు, దానికి ఎవురూ ఎదురు కారు. ఆ బళ్ళో కూర్చోబెట్టి రా. మళ్ళీ చీకటిపడినాక తీసుకొని రా."

లండన్‌లో చదివిన బారిస్టర్లు పదిమంది ఒక ఏడాది కూర్చున్నా అంతటి సందు కనిపెట్టలేరు. నేను అమ్మ కాళ్ళకు దండం పెట్టబోతే, కూడు చల్లారిపోతాది తినుపో అంది. వదినకు తానే పోయి చెప్పింది. ఆ మధ్యాహ్నం కిటికీ లోపల తలనొప్పి లేదు. వదిన ఆగకుండా జంట మీద జంట అడుగుతూ నా ప్రాణం తీసింది.

పరీక్ష రోజు మేం బయల్దేరినప్పుడు వీధి దీపాలు ఇంకా వెలుగుతున్నాయి. వదిన కొంగు తలమీదుగా కప్పుకొని, కలం ఒక్కటి చేతిలో పట్టుకొని నా వెనకాల నడిచింది. ఎనిమిది నెలల తర్వాత వీధిలో నడుస్తున్న మనిషి, అడుగులు తడబడ్డాయి. మాకు ముందు మా అమ్మ, మలుపు మలుపు దగ్గరా ఆగి తొంగిచూసి, ఎవరూ లేరని చెయ్యి ఊపుతూ నడిచింది. ముఖ్యమంత్రి ఊరికొచ్చినప్పుడు కూడా అంత బందోబస్తు చెయ్యలేదు. పెద్దరోడ్డు దగ్గర ఆగిపోయి, కోడలి కొంగు సరిచేసి, చల్లగా ఉండాది, తొందరపడకుండా రాయి అని చెప్పి వెనక్కి తిరిగింది.

బడి వరండాలో వదినను కూర్చోబెట్టాను. ఏ గదో, గంట ఎప్పుడు కొడతారో చెప్పాను. మా ట్యుటోరియల్ పిల్లల్ని పోగుచేసుకొని రావాలి, వాళ్ళకు పరీక్ష ముందు నా ముఖం చూడకపోతే తెలిసింది కూడా గుర్తుకు రాదు. వదిన నువ్వు పో అబ్బయ్యా, నాకేమి భయం అంది. నిజంగానే భయం లేనట్టుంది. వరండాలో బడి గోడమీద రాసిన ఇంగ్లీషు అక్షరాలను కొంగు కిందనుంచి ఒక్కొక్కటే చదువుకుంటోంది.

నేను పిల్లలతో తిరిగి వచ్చేసరికి తొమ్మిదిన్నర. గేటు దగ్గర తల్లులు, తండ్రులు, విభూతి పొట్లాలు, టిఫిన్ క్యారియర్లు, తిరునాళ్ళలాగా ఉంది. వరండా ఖాళీ. లోపలికి పోయి కూర్చొని ఉంటుందనుకొని నా ఛాతీ రెండంగుళాలు పెరిగింది. గంట కొట్టారు. ఎదురుగా టీ కొట్లో కూర్చొని, గుమాస్తా కుర్చీలో వదిన ఎలా ఉంటుందో ఊహించుకుంటూ టీ మీద టీ తాగాను.

పన్నెండున్నరకు పిల్లలు బయటికి వచ్చారు. వదులు, పోగొట్టుకోవడం, ఆ జంటే వచ్చింది సార్ అని ఒకడు పరిగెత్తుకొచ్చి చెప్పాడు. నేను వాణ్ణి ఎత్తుకున్నంత పని చేశాను. అందరూ అయిపోయారు. తల్లులు పోయారు. వదిన రాలేదు. గది దగ్గరికి పోయి చూస్తే బెంచీలు సర్దుతున్నారు. ఆమె నంబరు ఉన్న బెంచీ మీద ఎవరూ కూర్చోలేదన్నారు.

బడి వెనక, విరిగిన బెంచీలు పేర్చిన చోట దొరికింది. గోడ వైపు తిరిగి ఒక బెంచీ ముక్కమీద కూర్చొని ఉంది. కలం చేతిలోనే ఉంది. నన్ను చూసి లేచి నిలబడింది.

"పిలకాయలంతా బాగా రాసినారా అబ్బయ్యా?"

ఆమే చెప్పింది, నిదానంగా, పాఠం అప్పజెప్పినట్టు. బాగా తెల్లవారక ముందే ఒకామె కొడుకును తీసుకొని వచ్చిందట. అందరికంటే ముందుగా మంచి వేళకు లోపల కాలు పెట్టించాలని. గేటు దాటగానే ఎదురుగా వరండాలో బొట్టులేని వదిన. ఆమె ఒక్క మాట కూడా అనలేదు. పిల్లవాడి భుజం పట్టి వెనక్కి తిప్పి, గేటు బయటికి తీసుకొనిపోయి, కాసేపు కూర్చోబెట్టి, నీళ్ళు తాగించి, మళ్ళీ మొదటిసారి వస్తున్నట్టు తీసుకొచ్చింది. అపశకునం ఎదురైతే మా ఇళ్ళలో ఎవరైనా చేసే పనే. అన్న ఊరికి బయల్దేరేటప్పుడు వదిన కూడా చేసి ఉంటుంది.

"ఎవురికీ ఎదురు కాకూడదని గదా అత్త అంత పొద్దున్నే పంపించింది. తీరా చూస్తే వచ్చే పిలకాయలకంతా మొదట నేనే ఎదురు. ఒకరి నోట్లో మన్ను కొట్టేదానికా నేను పరిచ్చకు వచ్చింది? అందరూ లోపలికి పోయినాక పోదామని ఈడికి వచ్చి కూర్చుంటి. గంట కొట్టినారు. పోదామని లేస్తే ఆ తల్లులంతా గేటుకాడనే నిలబడుండారు. వాళ్ళ ముందర్నే ఆ గదికి పోవాల. కొంచెం జరుగుతారేమో, కొంచెం జరుగుతారేమో అని చూస్తా ఉంటిని. ఇంకో గంట కొట్టినారు."

రెండో గంట కొట్టాక ఎవరినీ లోపలికి రానివ్వరు.

ఆ తల్లుల్లో ఎవరినైనా తిడదామంటే ఎవరూ ఏమీ అనలేదు. చీకటిపడేదాకా ఇంటికి పోకూడదు. ఒక పిల్లవాడు వదిలేసిన ప్రశ్నపత్రం నా జేబులో ఉంది. ఏం చెయ్యాలో తెలియక అది తీసి చదవడం మొదలుపెట్టాను. వదిన జవాబులు చెప్పింది. ఒక్కొక్క ప్రశ్నకూ, వరుసగా. లూజ్, లూస్ వచ్చినప్పుడు జాకెట్టు వాక్యం చెప్పింది, ఈసారి రెండో వాక్యం కూడా చెప్పింది. నేను విన్నాను, దిద్దడానికి ఏమీ లేదు. నేను దిద్దిన కాగితాలు లారీలకెత్తవచ్చు, అంత బాగా జవాబిచ్చిన వాళ్ళు ఎవరూ లేరు. ఇది పెంచి చెప్పడం కాదు.

దారిలో, చీకట్లో, అంది. "అత్తకు చెప్పొద్దు అబ్బయ్యా. తెల్లారకముందు పొమ్మన్నది ఆమె. తెలిస్తే ఇంక గొంతులో కూడు దిగదు ఆమెకు."

అమ్మ గడపలోనే నిలబడి ఉంది.

"రాసినావా?"

"రాసినా అత్తా."

"అంతా?"

"అంతా."

అమ్మ నా వైపు చూసింది. నేను చెప్పుల వైపు చూసుకుంటూ, బాగా రాసిందమ్మా అన్నాను. ఆ రోజు అమ్మ పాయసం చేసింది. ముగ్గురం తిన్నాం.

ఫలితాల నాడు పేపర్లో నంబరు రాలేదు. ఆ కుర్చీ ఇంకొకరికి పోయింది. ఏడాది నిండాక మారండహళ్ళి నుంచి చీర వచ్చింది, ఆ చీర కట్టుకొని వదిన అన్న ఆఫీసులో ఊడ్చే పనికి చేరింది. గుమాస్తాలు రాకముందే పోయి, కుర్చీలు తుడిచి, వాళ్ళు వచ్చే వేళకు వెనకవైపు పోయేది. మళ్ళీ పరీక్షకు కట్టమని నేను చాలాసార్లు అన్నాను. ఎందుకులే అబ్బయ్యా అనేది.

మా అమ్మ కోపం మొత్తం నామీదికి తిరిగింది. ఇంటికి ఎవరొచ్చినా ముందు నీళ్ళు, తర్వాత ఈ కథ. ఊరందరికీ చదువు చెప్తాడట, సొంత వదినకు ఐదు మార్కులు తెప్పించలేకపోయినాడు. పెళ్ళిళ్ళలో చెప్పింది, చావుల్లో చెప్పింది, నన్ను చూడ్డానికి వచ్చిన పిల్ల తండ్రికి కూడా చెప్పింది. ఆ ప్రచారానికి మా ట్యుటోరియల్లో సగం బెంచీలు ఖాళీ అయ్యాయి, కింది షాపువాళ్ళు సైకిళ్ళు పైకి తెచ్చి పెట్టుకున్నారు. అమ్మ అలా మొదలుపెట్టినప్పుడల్లా వదిన వంటింట్లోంచి వచ్చి నా ఆకులో ఏదో ఒకటి ఎక్కువ వడ్డించేది. నేను తల వంచుకొని తినేవాణ్ణి. లావెక్కడానికి కారణం అదే.

అమ్మ మంచాన పడ్డ చివరి రోజుల్లో వదిన పని చూసుకొని వచ్చి పక్కనే కూర్చునేది. ఒకనాడు నేను కాళ్ళు పడుతుంటే అమ్మ కళ్ళు తెరిచి నన్నే చూసింది.

"అది బాగానే చదివిందిరా. నేను దినామూ వింటా ఉంటిని గదా. నువ్వే ఏందో తప్పు చెప్పినావు."

వదిన చేతిలో గంజి గిన్నె ఆగిపోయింది. నోరు తెరవబోయింది.

"అవును మా," అన్నాను. "నేనే సరిగ్గా చెప్పలే."

అమ్మకు ఆ జవాబు నచ్చింది. కోడలి వైపు తల తిప్పి, చూసినావా, ఇన్నేళ్ళకు ఒప్పుకున్నాడు అని గంజికి నోరు తెరిచింది.